ఎదురు కుర్చీలో మనిషి

పంజాగుట్టలోని ఆ క్లినిక్కి తారక్, మంజూష రావడం అది రెండోసారి.

రెండున్నరేళ్ల కూతురు రవళి ఆపరేషన్‌కి సరేనని చెప్పడానికే వచ్చారు. చెప్పడానికి నోరు రావడం లేదు.

పాపకు పుట్టుకతోనే వెన్నులో ఒక ఎముక సగమే ఏర్పడింది. పెరిగేకొద్దీ వెన్ను పక్కకు ఒరిగిపోతుంది. ఆ సగం ఎముకను ఇప్పుడే తీసేస్తే పిల్ల నిటారుగా పెరుగుతుందనీ, ఆలస్యమైతే ఊపిరితిత్తులకు చోటు చాలదనీ డాక్టర్ రామ్మోహనరావు కిందటిసారే చెప్పారు. మొక్కై వంగనిది మానై వంగదని కూడా అన్నారు.

తారక్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో జావా పాఠాలు చెబుతాడు. హాలునిండా కూర్చున్న కుర్రాళ్లకు ఉద్యోగం గ్యారంటీ అని ధైర్యం చెప్పే మనిషి, పొద్దుటి నుంచి మంచినీళ్లు తాగుతూ కూర్చున్నాడు. వాళ్లమ్మ అరుణాదేవి మాత్రం పసిదాని వెన్ను మీద కత్తా అని దారంతా సణుగుతూనే వచ్చింది.

ఎదురు కుర్చీలో ఒకాయన ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. వెన్ను ఒక పక్కకు పూర్తిగా వంగిపోయింది. ఒక భుజం చెవి దాకా లేచింది. రెండు మాటలకోసారి ఊపిరి తీసుకుంటున్నాడు.

అరుణాదేవి చూపు ఆయన మీద పడింది. ఇంకేం, అడగకుండా ఉంటుందా.

"మీరూ ఈ డాక్టరు గారి పేషెంటేనా?"

"అవునమ్మా, మస్తు దినాల సంది వస్తున్న. జర నా మాట ఇనుండ్రి..."

ఆయన ఊపిరి కోసం ఆగాడు. ఆవిడ ఆగలేదు. మనవరాలిని చంకనేసుకుని లేచింది.

"చూశారుగా, ఆపరేషన్ నిర్వాకం. పదండి ఇంటికి."

ఆయన పాపం గుమ్మం దాకా వచ్చాడు. తారక్ చూసీ చూడనట్టు ఆటో పిలిచాడు. ఆ మధ్యాహ్నం ముగ్గురూ కడుపునిండా భోంచేశారు. గండం గడిచిందనుకున్నారు మరి.

ఆరేళ్లు పోయాయి. తారక్ పాఠాలు మానేసి పెద్ద కంపెనీలో చేరాడు. శ్రీనగర్ కాలనీలో ఫ్లాట్ కూడా కొన్నాడు. ఆ ఫ్లాటు మెట్లు నాలుగెక్కితే చాలు, రవళి ఆయాసంతో కూలబడిపోయేది.

మళ్లీ అదే క్లినిక్. డాక్టర్ ఎక్స్‌రే చాలాసేపు చూశారు. ఇప్పుడు ఆ ఒక్క ఎముకతో పోయేది కాదనీ, వెన్ను పొడుగునా రాడ్లు వేయాలనీ, పోయిన ఊపిరి మాత్రం పూర్తిగా తిరిగి రాదనీ చెప్పారు.

మంజూషకు ఏడుపు ఆగలేదు. తారక్‌కు కోపం వచ్చింది. తప్పు తనదని తెలిసిన మనిషికి ముందు వచ్చేది అదే.

"ఆ రోజు బయట వెన్ను వంగిపోయిన మీ పేషెంటును చూశాం సార్. ఆపరేషన్ చేయిస్తే మా పాపా అలాగే అవుతుందని భయపడ్డాం."

"ఎవరు, నజీరుద్దీన్ గారా?"

డాక్టర్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఆయనకు ఆపరేషనే జరగలేదు తారక్ గారూ. చిన్నప్పుడు ఇంట్లోవాళ్లు మీలాగే భయపడి వెనక్కి తీసుకుపోయారు. ఆలస్యం చేస్తే ఏమవుతుందో మీరు కళ్లారా చూస్తారని, నేను అడిగితే ఆ రోజు తన జిరాక్స్ షాపు మూసుకుని వచ్చి, మీకోసమే అక్కడ కూర్చున్నారు."