సంతకం పెట్టని సారు

“సారూ, సంతకం వెడతవా, ఇల్లు ఖాళీ జేస్తవా?”

మేడ మెట్లకు అడ్డంగా కూర్చుని అడిగింది రాములమ్మ. టిఫిన్ డబ్బాతో ఆఫీసు నుంచి వస్తున్న భానుమూర్తి కింది మెట్టు దగ్గరే ఆగిపోయాడు.

ఎల్బీనగర్‌లోని ఆ ఇల్లు ఆమెది. పై వాటాలో ఎనిమిదేళ్లుగా కిరాయికుంటున్న భీమవరం మనిషి ఆయన. సైన్యానికిచ్చే తుపాకులను పరీక్షించే ఉద్యోగం. కొత్త తుపాకీకి ఇక ఆయన సంతకమే మిగిలిందని, భార్య నాగేశ్వరి డాబా మీద బట్టలారేస్తూ నోరు జారింది. రాములమ్మ కొడుకు మహిపాల్ సరిహద్దు మంచులో కాపలా కాస్తున్న సిపాయి. ఇంకేముంది, ఆ రోజు నుంచి ఆమెకు అదే ధ్యాస.

“పరీక్షలు పూర్తి కాలేదండీ. మంచు పరీక్ష ఇంకా కానేలేదు.”

“దసరా ముంగట మా మైపాల్ గా తుపాకి పట్టుకొని ఫొటో పంపిండు గద!”

“అవి చూడ్డానికని పంపినవండీ. రెండే.”

“పాతది మోసి మోసి వాని బుజాలు గుంజుతున్నయట. ఇక్కడ పేలిందా, లేదా?”

“పేలింది. మే నెల ఎండలో.”

“ఎండల పేలింది మంచుల పేలదా? నేను కుక్కర్ కొన్నప్పుడు పరీక్ష జేసిన్నా?”

“చెయ్యలేదు. అందుకేగా మీ వంటింటి కప్పుకి ఇంకా పప్పు కనబడుతోంది!”

రాములమ్మకు నవ్వు తన్నుకొచ్చింది. నవ్వితే పని చెడుతుందని పళ్ల బిగువున ఆపుకుంది.

“మీతోటి గిదే పరేషాను. తెలంగాణ అడిగితే కమిటీ అంటరు, తుపాకి అడిగితే పరీక్ష అంటరు. కమిటీ డిసెంబర్ ముప్పై ఒకటికి లెక్క తేలుస్తదట. నువ్వు గూడ గా దినానికే తేల్చు!”

ఆమె కోపానికి కారణం లేకపోలేదు. తాను చేసి పంపిన సర్వపిండి ఆయన లొట్టలేసుకుంటూ తిన్నాడు, సంతకం మాత్రం పెట్టలేదు. దసరా సెలవుకొచ్చిన మహిపాల్ కూడా పైకెళ్లి గంటసేపు కూర్చున్నాడు. ఏం మాట్లాడావంటే పెదవి విప్పలేదు. పిల్లాడు బతిమాలినా ఈ మనిషి కరగలేదని ఆ తల్లికి కడుపు మండింది.

ముప్పయ్యో తారీకున చౌరస్తాలో ధర్నా ముగించుకుని, గులాబీ కండువాతో రాములమ్మ ఇల్లు చేరేసరికి గేటు ముందు ట్రాలీ ఆటో. భానుమూర్తి అందులోకి ఫ్యాను ఎక్కిస్తున్నాడు.

“నిజంగనే పోతున్నవా సారూ?”

“మీర్‌పేటలో ఇల్లు దొరికిందండీ.”

“ఉత్తగ బెదిరిచ్చిన! ఒక్క గీత గీకితే అయిపాయె గద!”

“జనవరి ఇరవయ్యారు కవాతుకల్లా సంతకం పెట్టకపోతే ఛత్తీస్‌గఢ్ బదిలీ చేస్తామన్నారు మా ఆఫీసువాళ్లు. మీరు మీర్‌పేటతో సరిపెట్టారు. మీరే నయం!” నవ్వేశాడాయన.

నాగేశ్వరి కళ్లు తుడుచుకుంటూ ఏదో చెప్పబోయింది. ఆయన చూపుతోనే వారించాడు.

రాములమ్మకు ఏడుపొచ్చింది. ఇల్లు పోయినా సరేగానీ సంతకం పెట్టడట! కన్నబిడ్డ కంటే ఎక్కువా ఈయన పరీక్షలు? అంతలో చేతిలో ఫోను మోగింది. మహిపాల్.

“బిడ్డా, నీ తుపాకికి సంతకం వెడ్తలేడని సారుతోటి ఇల్లు ఖాళీ జేయిస్తున్నరా!” అందరికీ వినబడేలా అరిచింది.

అటువైపు గాలి హోరుమంటోంది.

“అమ్మా, ముందుగాల సామాన్లు దింపియ్యి,” అన్నాడు మహిపాల్. “గా తుపాకి మంచుల బిగుసుకపోయి పేలనే లేదు. సంతకం వెట్టొద్దని సారు కాళ్లు మొక్కింది నేనే.”