లెక్కలోకి రాని సమయం

"మూడోసారి కూడా తిప్పి పంపుతానంటే నేనొప్పుకోను పిన్నిగారూ," అన్నాడు కళ్లజోడు కుర్రాడు.

పిన్నిగారు హెడ్‌ఫోన్స్ ఒక చెవి మీంచి తప్పించింది. రెండో చెవికి అలాగే ఉంచుకుంది.

"తిప్పి పంపుతానని ఎవరన్నారు నాయనా? వింటున్నానన్నాను."

"వినేదేముంది? ఇది చూసే పని కదా."

సైకిల్ షాపు మీది ఆ గదిలో రెండు కుర్చీలు, రెండు కంప్యూటర్లు. ఒక వీడియో గేమును అందరికన్నా తొందరగా ఎవరు ముగించారో తేల్చడం వాళ్ల పని. ఆడినవాళ్లు వీడియో పంపుతారు. ఇద్దరు జడ్జీలూ సరేనంటేనే పేరు పట్టికకెక్కుతుంది. ఆ ఆటలో కోట తలుపు తీసినప్పుడల్లా తెర నల్లబడి, మధ్యలో ఒక చక్రం తిరుగుతుంది. కొత్త మెషిన్ మీద ఆ చక్రం కనిపించీ కనిపించక ముందే మాయమవుతుంది. పాత మెషిన్ మీద అది నత్తకు నడక నేర్పుతూ కూర్చుంటుంది. గెలవాల్సింది ఆడిన చెయ్యిగాని మెషిన్ ఖరీదు కాదు కదా. అందుకని నల్ల తెర ఉన్నంతసేపూ కోసేసి, మిగిలిన ఆటనే లెక్కిస్తారు.

ఇప్పుడు మొదటి స్థానంలో ఉన్నది ఒక లాయరు. ఆయనది సరికొత్త మెషిన్. ఆయన్ని కిందికి దించడానికి వచ్చిన ప్లంబరుది నత్త మెషిన్.

"నల్ల తెరలన్నీ నా ప్రోగ్రాం ఏరి పక్కన పెట్టింది," అన్నాడు కళ్లజోడు. "ప్లంబరే ముందున్నాడు. ఇక అనుమానం దేనికి?"

"అతుకు వేసేవాడు ఆ నల్ల తెరలోనే వేస్తాడు. చీకట్లో వేసిన కుట్టు కంటికి కనపడదు, చెవికి దొరుకుతుంది. నిరుడు ఒకడు రెండు ఆటలు అతికించి పంపితే పట్టింది ఈ చెవే కదా."

"కాదన్నానా? కానీ మొదటిసారి శబ్దం సన్నగా ఉందన్నారు. రెండోసారి మైకు దూరమైందన్నారు. పాపం, ఆ మనిషి పగలంతా పైపుల కింద పడుకుని, ఇంటికొచ్చి మళ్లీ మొదటినుంచీ ఆడి పంపాడు. ఆయన మీద మీకేం పగ?"

"పగా? నాకా?" పిన్నిగారు నవ్వబోయి మానేసింది. "ఇది విను."

హెడ్‌ఫోన్స్ తీగ పీకేసింది. తెర మీద నల్లటి చీకటి, తిరిగే చక్రం. గదిలోకి ఒక ఆడమనిషి గొంతు వచ్చి పడింది.

"హమ్మయ్య, చక్రం వచ్చింది. ఇప్పుడన్నా నా మాట విను మహానుభావా. ఊరందరి కుళాయిలూ బాగు చేస్తావు, మన వంటింటి కుళాయి మాత్రం నీ కంటికి ఆనదు. నిన్న బకెట్ నిండింది, ఇవాళ గిన్నె పెట్టాను, రేపు నువ్వు కూర్చునే కుర్చీ తెచ్చి పెడతాను."

"చూస్తాలే," అన్నాడు ప్లంబరు. తెర వెలిగింది. ఆయన ఆటలో పడ్డాడు, ఆవిడ నోరు మూసింది.

కళ్లజోడు పగలబడి నవ్వాడు. "చక్రం తిరిగితేనే గాని ఆ ఇంట్లో సంసారం సాగేట్టు లేదు."

"అదే చెబుతున్నా. మాట ఎక్కడా తెగలేదు కాబట్టి ఇక్కడ అతుకు లేదు. ఇలా ప్రతి తలుపు దగ్గరా వినాలి."

"మీరు వినని తలుపేది? పొద్దుటినుంచీ అదే పని."

"ఈసారి గొంతు కాస్త బొంగురుపోయింది. జలుబు చేసినట్టుంది."

"ఆవిడ జలుబు కూడా తీర్పులో రాస్తారా ఏమిటి?"

కళ్లజోడు కుర్చీ దగ్గరికి లాక్కుని నెమ్మదిగా అన్నాడు.

"ప్లంబరు వీడియోతోపాటు ఒక మాట కూడా పంపాడు. 'తిప్పి పంపితే మళ్లీ ఆడతాను, ఎన్నిసార్లయినా ఆడతాను. మొదటి స్థానం వస్తే మాత్రం మెషిన్ అమ్మేసి ఇల్లు చూసుకుంటానని ఇంట్లో ఒట్టేశాను' అన్నాడు. అంత పట్టుదల ఉన్నవాణ్ణి ఇంకా ఎందుకు ఏడిపించడం?"

"ఇక ఆడడా?"

"ఆడడు. ఇక వీడియోలూ రావు, మీకీ చెవి నొప్పీ ఉండదు."

పిన్నిగారు తెర వైపు తిరిగింది. మౌస్ బాణం 'తిప్పి పంపు' మీదికి పోయింది. అక్కడే ఆగింది. కింద షాపులో ఎవరో చక్రానికి గాలి కొడుతున్నారు. కళ్లజోడు ఆమె వేలినే చూస్తున్నాడు.

"తప్పేమన్నా దొరికిందా పిన్నిగారూ?"

"దొరుకుతుందేమోనని వెతికాను," అందామె. "ప్రతి తలుపు దగ్గరా వెతికాను. ఆయన ఆటలో తప్పు లేదు."

బాణం పక్కకు జరిగింది. ఆమె 'సరే' మీద నొక్కింది. పట్టికలో లాయరు కిందికి దిగాడు, ప్లంబరు పైకెక్కాడు.

"న్యాయం జరిగింది," అన్నాడు కళ్లజోడు, ఒళ్లు విరుచుకుంటూ. "ఆట వరకు దాచి, నల్ల ముక్కలు తీసేస్తున్నాను."

"వాటిని ఉంచకూడదా?"

"లెక్కలోకి రాని సమయం మనకెందుకండీ? ఊరికే చోటు దండగ."

ఆమె ఇంకేదో అనబోయింది. ఈలోగా అతను నొక్కేశాడు. చివరి ముక్క పోతూ పోతూ ఒకసారి పలికింది. "కుళాయి సంగతి మర్చిపోకు."

పిన్నిగారితో ఏళ్ల క్రితమే మాట మానేసిన ఆమె కూతురి గొంతు అది.