రెల్లుకోడి కనబడలేదు

“పల్లం అటు కదా? ఇటెందుకు తీసుకెళ్తున్నావు?” అన్నాడు మెడలో బైనాక్యులర్స్ వేలాడేసుకున్న సారు.

“అటంతా బురద. ఇటే పోవాలి,” అంది గైడమ్మ, వెనక్కి తిరగకుండానే.

నిజానికి దారి అటే. పావుగంట నడకని రెండు గంటలు చెయ్యాలని ఆమె పొద్దున అడవి గేటు దగ్గరే నిశ్చయించుకుంది. పక్షుల్ని చూడవచ్చేవాళ్ళంటే ఆమెకి ఒకప్పుడు చాలా గౌరవం ఉండేది. పోయిన ఏడాది ఇలాగే వచ్చిన నలుగురు, ఫొటోకి అడ్డొస్తున్నాయని రెల్లుకోడి గూటి చుట్టూ ఉన్న దుబ్బుల్ని కోసి పారేశారు. సాయంత్రానికల్లా కాకులు మూడు పిల్లల్నీ ఎత్తుకుపోయాయి. ఆ గూడు చూపించింది తనే. అప్పట్నుంచి ఆమెకి తన మీద తనకే అసహ్యం. ఈ ఏడాది పల్లం మొత్తానికి ఒకే జంట మిగిలింది, గూట్లో నాలుగు గుడ్లు. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పలేదు.

ఈయనేమో బండి దిగుతూనే, “రెల్లుకోడిని చూపించు, మిగతావి నాకక్కర్లేదు. పదింటి దాకే టైము,” అన్నాడు. ఏం పని మీద వచ్చారని అడిగితే, “అదంతా నీకెందుకు?” అని కసిరాడు. గేటు గదిలో టిక్కెట్లు చింపే ఆమె తోడికోడలు కూడా విని మూతి తిప్పుకుంది.

అడవిలో గైడమ్మ చెట్టుచెట్టుకీ ఆగింది. వడ్రంగిపిట్టని చూపించింది. వాగు దగ్గర లకుముకిపిట్టని చూపించింది. ఆయన వాచీ తప్ప ఏదీ చూడలేదు.

“నీకు దారి తెలుసా, లేక నన్ను ఊరికే తిప్పుతున్నావా?”

“అంత అనుమానమైతే మీరే ముందు నడవండి.”

“నోరు ఎక్కువే నీకు.”

“నడిచేది కాళ్ళతో కదా సారూ, నా నోటితో మీకేం పని?”

ఆయనకి ఒళ్ళు మండిపోయింది. ఆమెకి అది చూసి కడుపు నిండినట్టయింది.

పల్లం చేరేసరికి పది కావడానికి పావుగంటే ఉంది. నీళ్ళు నిలిచిన బురదనేల, మనిషెత్తు రెల్లు. ఆయన బైనాక్యులర్స్ కళ్ళకి ఆనించి ఆ చివర్నుంచి ఈ చివరిదాకా గాలించాడు. గూడున్న దుబ్బు ఇరవై అడుగుల దూరంలోనే ఉంది. గైడమ్మ దానికి అడ్డంగా నిలబడి చెప్పులో ముల్లేదో తీసుకోసాగింది. సరిగ్గా అప్పుడే వెనకనుంచి టుక్కు టుక్కుమని పిలుపు వినబడింది.

“రెల్లుకోడి,” అన్నాడాయన.

“కప్ప.”

“నాకు చెవులున్నాయి. కానీ విన్నది లెక్కలోకి రాదు, కళ్ళతో చూడాలి. తప్పుకో.”

“కాలు పెట్టారంటే నడుం దాకా దిగిపోతారు. పోయిన నెల ఓ ఆవు దిగింది. తాళ్ళేసి లాగినా రాలేదు.”

ఆవూ లేదు, తాళ్ళూ లేవు. అయినా ఆయన ఎత్తిన కాలు దించేశాడు.

“నువ్వు అబద్ధాలాడుతున్నావు.”

“అలాగే రాసుకోండి.”

ఆయన వాచీ కీచుమంది. పదయింది. ఫోను తీసి ఏదో రాసి, ఆమె ముఖంలోకి గుచ్చిగుచ్చి చూశాడు. “ఇన్నేళ్ళుగా ఇక్కడ తిరుగుతున్నదానివి. చివరిసారి అడుగుతున్నా. ఈ ఏడాది ఒక్కటైనా కనబడిందా?”

“ఒక్కటి కూడా లేదు. పోయిన ఏడాదితోనే సరి.”

ఫోను ఆమె చేతిలో పెట్టాడు. ‘రెల్లుకోడి కనబడలేదు’ అని ఉంది. కింద వేలితో సంతకం గీసేటప్పుడు ఆమెకి నవ్వాగలేదు. ఏడాదిగా మోస్తున్న బరువు దిగిపోయినట్టనిపించింది.

ఆయన మీట నొక్కాడు. “రిపోర్టు వెళ్ళిపోయింది. ఇంక మార్చడానికి లేదు,” అంటూ గట్టు మీద చతికిలబడ్డాడు. ఇందాకటి కోపం ఏమైపోయిందో, మనిషి పూర్తిగా నీరుగారిపోయాడు.

ఆమెకి మొదటిసారి జాలేసింది. “ఓ పిట్ట కనబడకపోతే ఇంత దిగులా సారూ? ఇంకోచోట చూసుకోండి.”

“సంతకం పడేదాకా ఎందుకొచ్చామో గైడుకి చెప్పకూడదని మా రూలు. చెబితే లేనిదాన్ని కూడా ఉందంటారట.”

“ఇప్పుడు పడిందిగా, చెప్పండి.”

ఆయన రెల్లు వైపు చెయ్యి చూపించాడు.

“ఒక్కటి కనబడినా, రేపు ఈ పల్లాన్ని పూడ్చేవాళ్ళు కాదమ్మా.”