ఐదు స్టార్ల బండి

"ఐదు స్టార్లన్నా! పదేండ్లు ఇంజిన్ ముట్టే పనే లేదని రాసిండ్రు. చదివే కొన్న. రెండేండ్లకే పొగలు కక్కుతాంది!" సాల్మన్ ఫోన్ల కారు రేటింగు తీసి మెకానిక్ బిక్షం ముంగట పెట్టిండు.

వెనక సీట్ల అతని తల్లి ఈదమ్మ, వంగని మోకాళ్లు చాపుకొని కూసుంది. ఆమెను దవాఖానకు తీస్కపోతుంటెనే కారు ఆగింది.

బిక్షం ఫోన్ చూడలే. రేడియేటర్ విప్పి, లోపల గీకి, తెల్లటి సున్నం పెచ్చులు సాల్మన్ అరచేతుల పెట్టిండు.

"వాళ్లు రాసింది అబద్ధం కాదు తమ్మీ. బండి మంచిదే. దీంట్ల ఏం నీళ్లు పోస్తున్నవ్?"

"మా మర్రిగూడ బోరు నీళ్లు. ఇంట్ల మేం తాగేటియే."

"రేటింగు ఇచ్చెటోళ్లు గా నీళ్లు పోసి చూస్తరా? రెండేండ్లకు గొట్టాలే మూసుకపోయినయి. మల్ల బండికి గవి పొయ్యకు. డబ్బా నీళ్లు కొని పొయ్యి."

సాల్మన్ అరచేతుల సున్నం పెచ్చులు చూసి, వెనక్కి మళ్లి తల్లి మోకాళ్ల దిక్కు చూసిండు.

ఈదమ్మ ఇంటికాడ నింపుకొచ్చిన సీసా మూత తిప్పి, రెండు గుటకలు తాగింది.

"నువ్వు గూడ తాగు బిడ్డా, ఎండ మస్తున్నది" అని సీసా అతని దిక్కు చాపింది.

సాల్మన్ అందుకున్నడు. జరసేపు సీసా దిక్కే చూసి, తాగిండు.