ఏడో పని

ఇంజను ఆయిలు మార్చాలి. ఆయిల్ ఫిల్టరు మార్చాలి. ఎయిర్ ఫిల్టరు దులపాలి, మరీ నల్లబడితే కొత్తది వెయ్యాలి. బ్రేకు ప్యాడ్లు ఎంత అరిగాయో చూడాలి. కూలెంటు నింపాలి. ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి మార్చాలి. జాబ్ కార్డులో ఈ ఆరింటి పక్కనా టిక్కులు పడ్డాయి. ఏడోది మాత్రం అలాగే మిగిలింది: "కుయ్‌మనే శబ్దం పోవాలి."

"ఏ శబ్దమమ్మా?" బానెట్ కిందనుంచి తల బయటపెట్టి అడిగాడు మేస్త్రి.

"అదిగో, మళ్లీ!" డ్రైవరు సీట్లో కూచున్న రిటైర్డ్ టీచరమ్మ వేలు చూపించింది, వెనక బెంచీలో గుసగుసలాడే పిల్లాణ్ణి పట్టుకున్నట్టు. "సన్నగా కుయ్ కుయ్‌మంటోంది. పొద్దున్నుంచీ ఆగి ఆగి ఇదే వరస. వినబడలా?"

మేస్త్రికి వినబడలేదు.

ఆ షెడ్డులో ఆయన్ని అందరూ పాము చెవులాయన అంటారు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడంటే ఏ బేరింగు మూలుగుతోందో, ఏ వాల్వు సణుగుతోందో ఇట్టే చెప్పేస్తాడు. ఇప్పుడూ అదే పని చేశాడు. ఆల్టర్నేటరు మీద పెట్టాడు. వాటర్ పంపు మీద పెట్టాడు. బెల్టు పుల్లీ దగ్గర ఊపిరి బిగబట్టి విన్నాడు. అన్నీ కడుపు నిండిన పసిపిల్లల్లా హాయిగా ఉన్నాయి.

"ఇంజను శుభ్రంగా ఉందమ్మా. ఏ శబ్దమూ లేదు."

"అంటే నేను అబద్ధాలాడుతున్నానా నాయనా?"

ఆ మాటతో మేనేజరు గ్లాసు తలుపు తోసుకుని పరుగెత్తుకొచ్చాడు. కారు పక్కన అర నిమిషం కూడా నిలబడలేదు. "అయ్యో, ఇంత స్పష్టంగా వినబడుతుంటే! ఏమయ్యా మేస్త్రీ, నీకేమైంది ఇవాళ?"

"మీకు వినబడిందా సార్?"

"నాకేంటి, వీధి చివరున్నవాడిక్కూడా వినబడుతుంది. ఏమోయ్ లాప్‌టాప్?"

ఎప్పుడూ చంకలో కంప్యూటరుతో తిరిగే కొత్త మెకానిక్కుని అక్కడ అలాగే పిలుస్తారు. అతను మేనేజరు మొహం చూశాడు, టీచరమ్మ మొహం చూశాడు. "వస్తోంది సార్. బెల్టు దగ్గర్నుంచి."

"నాక్కూడా సార్!" అన్నాడు అవతల కార్లు కడిగే అతను, నీళ్ల పైపు ఆపకుండానే.

మేస్త్రి కుడిచెవి మూసుకుని విన్నాడు. ఎడమచెవి మూసుకుని విన్నాడు. చెవి దగ్గర వేళ్లు రాపాడించి చూసుకున్నాడు. ఆయన మామగారికీ చెవుడు ఇలాగే మొదలైంది. సన్నటి శబ్దాలే ముందు పోతాయట. పోయినట్టు పోగొట్టుకున్నవాడికే తెలియదట.

లాప్‌టాప్‌ని టైర్ల గుట్ట చాటుకి తీసుకెళ్లాడు. "అబ్బాయ్, నా మీద ఒట్టేసి చెప్పు. నిజంగా నీకు వినబడిందా?"

గ్లాసు తలుపు వెనక్కి చేరిన మేనేజరు ఇటే చూస్తున్నాడు.

"వినబడింది బాబాయ్," అన్నాడు లాప్‌టాప్, కాళ్లకున్న బూట్లవంక చూస్తూ.

గంటలో కొత్త బెల్టు పడింది. టీచరమ్మ బండి స్టార్టు చేసి, తల ఓ పక్కకి వంచి వింది. మొహం చేటంత అయింది.

"పోయింది! ఎంత హాయిగా ఉందో! అసలు ఇంజను నడుస్తోందా అన్నట్టుంది!"

ఇంకేమైనా చెయ్యాలా అమ్మా అని మేనేజరు అడుగుతుంటే, నవ్వుతూ చెయ్యి ఊపేసి వెళ్లిపోయింది.

"చూశావా మరి?" అన్నాడు మేనేజరు.

"చూశాను సార్." మేస్త్రి చేతిలో జాబ్ కార్డు ఉంది. ఆఖరి సంతకం ఎప్పుడూ ఆయనదే. ఆ సంతకం పడితేగానీ ఏ బండీ గేటు దాటదు. ఇవాళ మొదటిసారి ఒక బండి అది లేకుండానే దాటింది. "రేపు ఇంకో బండి బ్రేకు కీచుమంటుంది. నాకు వినబడదు. బాగుందని సంతకం పెట్టేస్తాను. అందులో ఎవరి పిల్లలుంటారో ఏమో."

"ఇప్పుడవన్నీ ఎందుకయ్యా? వినబడకపోతే ఈ లాప్‌టాప్‌ని అడుగు."

"అడిగాను సార్."

స్క్రూడ్రైవరు పిడి గుడ్డతో తుడిచి లాప్‌టాప్ చేతిలో పెట్టాడు. "జాగ్రత్త అబ్బాయ్. మొహాలు చూసి కాదు, బండిని విను." మేస్త్రి సబ్బుతో చేతులు రెండుసార్లు కడుక్కుని, గోళ్లలో నలుపు పోకపోతే అలాగే వదిలేసి, గేటు దాటాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. లాప్‌టాప్ ఆయన ఇంటికి వెళ్లి చూస్తే తాళం. మూడోనాడు షెడ్డుకి ఫోనొచ్చింది. లాప్‌టాప్ ఎత్తాడు.

"మా అమ్మ కారు మొన్న మీ దగ్గరే సర్వీసు చేశారటగా," అంది ఆడగొంతు, నవ్వాపుకుంటూ. "ఆ కుయ్ కుయ్ బండిది కాదండీ. అమ్మకి కొత్తగా పెట్టించిన చెవి మిషను, బ్యాటరీ అయిపోయే ముందు చెవిలో అలా కూస్తుందట, అయిపోయాక మిషనే ఆగిపోతుందట. ఆ కూత పెట్టుకున్నవాళ్లకి తప్ప ఇంకెవరికీ వినబడదట!"

మీ బండి సర్వీసుకిచ్చిన చోట, లేని చప్పుడు లేదని చెప్పే పెద్దాయన ఎవరైనా కొత్తగా చేరితే, దయచేసి ఆయన్ని గుర్తుపట్టండి; ఆయన చెవులు బాగానే ఉన్నాయని చెప్పండి.