పేరు మార్చాం

"ప్రత్యేక కథనం అంటే ఏంది బిడ్డా? ఇది గూడ వార్తనే గదా?"

ఇంటి ఓనరు భాగ్యమ్మ ఆదివారం పేపరు పట్టుకుని గేటు దగ్గరే బిందుమాధవిని ఆపింది. పైగదిలో అద్దెకుండే అమ్మాయి పేపర్లో రాస్తుందని, కథనం కింద పేరు చూశాకే ఆమెకు తెలిసింది.

"వార్తయితే నిన్న జరిగింది చెప్తామండీ. ఇందులో ఒకటే విషయం పట్టుకుని లోతుకు వెళ్తాం. సర్వేలు చూస్తాం, డాక్టర్లను అడుగుతాం. ఆ బాధ పడుతున్న మనిషి ఒక్కరైనా మాట్లాడకపోతే మా ఎడిటర్ వేయరు."

నగరంలో ఒంటరి బతుకుల మీద కథనం అది. భాగ్యమ్మ మధ్యలో ఒకచోట వేలు పెట్టింది.

"గీ కమల మన నాచారంలనే ఉంటదట గదా. ఎవరన్న పలుకరిస్తరని, అక్కర లేకున్నా బండాయన దగ్గర రోజూ కొత్తిమీర కొంటదట. సదువుతుంటే కండ్లల్ల నీళ్లొచ్చినయ్. జర ఆమె నంబరియ్యి. ఇయ్యాల మటన్ వండిన, అన్నానికి పిలుస్త."

బిందుమాధవి ఆ వేలు పెట్టిన చోటుకేసి చూసింది. కమల పేరు పక్కనే 'పేరు మార్చాం' అని అచ్చయి ఉంది.

"పేరు మార్చినవాళ్ల సంగతి ఎవరికీ చెప్పకూడదండీ" అంది.

"అయ్యో, పాపం" అనుకుంటూ భాగ్యమ్మ లోపలికెళ్లి తలుపేసుకుంది.

బిందుమాధవి గదిలోకొచ్చి మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తెరిచింది. కింది అర నిండా వాడిపోయిన కొత్తిమీర కట్టలు.

వీధి మలుపులో కూరగాయల బండి కేక వినిపించింది. ఫ్రిజ్ మూసి గబగబా మెట్లు దిగింది.