నీలం అంచు

"పాత నూలు దుప్పటి ఏదైనా ఉంటే ఇస్తారా అమ్మా?"

మామగారి కాలికి కట్టు కడుతూ నర్సమ్మ అడిగిందా మాట.

గుమ్మంలో నిలబడ్డ కోడలికి ఒళ్లు మండింది. సర్కారు జీతం చాలక పాత బట్టలు కూడా పోగేస్తోందన్నమాట.

లేదనేలోపే మంచం మీంచి మామగారు, "నీలం అంచుది ఉందిగా అమ్మాయ్, ఇచ్చెయ్" అన్నారు. ఇవ్వక తప్పింది కాదు.

ఆయనకి చక్కెర జబ్బు, మడమ మీద పుండు. వారానికి రెండుసార్లు కడిగి కట్టు మార్చకపోతే కాలు తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరు ముందే చెప్పాడు. సొంతంగా నర్సును పెట్టుకునే తాహతు ఆ ఇంటికి లేదు. ప్రభుత్వం పంపే ఈ నర్సమ్మే దిక్కు. పుండు వాసనకి కోడలు ఆ గది గుమ్మం దాటేది కాదు మరి.

అయితే కొన్ని నెలలుగా నర్సమ్మ వాలకం ఏమీ బాగోలేదు. ఇదివరకు ఆఫీసు వ్యాను దిగేది, ఇప్పుడు చెమటలు కక్కుతూ నడిచొస్తోంది. మెడలో కార్డు లేదు. పుస్తకంలో సంతకమూ పెట్టించుకోవడం లేదు.

"సంతకం వద్దా?" అని అడిగింది కోడలు ఓసారి.

"ఇప్పుడు అక్కర్లేదులెండి."

తలెత్తకుండా అంది. అక్కడే కోడలికి అనుమానం గట్టిపడింది.

"కట్టుగుడ్డలూ మందులూ బయట అమ్ముకుంటోంది. రాసిపెట్టుకో" అంది మొగుడితో.

"వదిలెయ్యవే. నాన్న కాలు మానుతోందిగా."

వదిలేసే రకమా ఆవిడ?

దుప్పటి పట్టుకెళ్లిన రెండు వారాలకు, ప్రభుత్వం ఖర్చులు ఇంకా తగ్గిస్తోందని టీవీలో చెబుతున్నారు.

"మంచి పనే. ఊరికే ఎంతమందిని మేపుతారు" అంది కోడలు, లోపలికి వినబడేలా.

నర్సమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ దూది అందుకుంది.

వెళ్తుంటే కోడలు నిలేసింది. "ఆ సంచీ ఇలా చూపించు."

కత్తెర, తినని టిఫిన్ డబ్బా, మందుల షాపు రసీదు.

"షాపువాడితో నీకేం పని? అమ్మేది వాడికేనా?"

నర్సమ్మ మంచం వైపు చూసింది. రసీదు మడిచి సంచీలో పెట్టుకుంది.

"ఇక నువ్వు రానక్కర్లేదు. ఇంకొకర్ని పంపుతారులే."

"తాతగారి కాలికి తడి తగలనివ్వకండి" అని మెట్లు దిగింది.

మంగళవారం ఎవరూ రాలేదు. శుక్రవారమూ రాలేదు. శనివారానికి మామగారి ఒళ్లు పెనంలా కాలిపోతోంది.

ముక్కు మూసుకుని కట్టు కోడలే విప్పింది. పైమడత కింద నీలం అంచు కనబడింది. పట్టీలుగా చింపిన తన దుప్పటే.

సర్కారు దగ్గర గుడ్డ కూడా లేదా అనుకుంటూ ఆఫీసుకు పరుగెత్తింది.

కిటికీ వెనక గుమాస్తా ఆవిడ చెప్పిందంతా విన్నాడు.

"ఇళ్లకు నర్సుల్ని పంపడం ఎత్తేశారమ్మా. అందర్నీ ఉద్యోగాల్లోంచి తీసేసి ఐదు నెలలైంది" అన్నాడు. "మరి మీ మామగారి కాలు ఇన్నాళ్లూ ఎవరు చూశారు?"